ఆయన పేరిట నలభై పొట్లాలు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఉంటున్న వీధి బయటపెట్టవద్దని కోరారు కాబట్టి అవి వదిలేసి సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 51. భర్త రైల్వేలో టికెట్ల కౌంటరు ఉద్యోగి. పద్నాలుగు నెలల కిందట, ఇంకా సర్వీసు ఉండగానే, గుండెపోటుతో చనిపోయారు. ఇప్పుడు ఇంట్లో ఆమె, ఎనభై దాటిన అత్తగారు, బి.ఎడ్. చదువుతున్న కూతురు ఉంటున్నారు. కొడుకుకు బెంగళూరులో ఉద్యోగం. భర్త పోయిన మూడో నెలలో ఎవరో బంధువును పలకరించడానికి పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడు, రోగుల వెంట వచ్చినవాళ్లు చీకటి పడ్డాక ఆవరణలో దుప్పట్లు పరుచుకుని కూర్చోవడం, వారిలో ఒక ముసలామె గట్టిపడిన బన్నును నీళ్లలో ముంచుకుని తినడం ఆమె కంటపడింది. మరునాడు ఇరవై పొట్లాల పులిహోర కట్టి తీసుకువెళ్లారు. ఇరవై కొన్నాళ్లకు నలభై అయింది. అప్పుడప్పుడూ అనుకున్నది ప్రతిరోజూ అయింది. పదకొండు నెలలుగా సాయంత్రం నాలుగింటికి పొయ్యి వెలిగించి, ఒకరోజు పులిహోర, ఒకరోజు పెరుగన్నం చేసి, ఏడున్నరకల్లా ఆటోలో ఆసుపత్రికి చేరుతున్నారు. ప్రతి పొట్లం మీద భర్త పేరు రాసిన చిన్న కాగితం అంటిస్తున్నారు.

ఆటోతో కలిపి పొట్లానికి పాతిక రూపాయలు పడుతోంది. అంటే రోజుకు వెయ్యి, నెలకు 30 వేలు. కుటుంబ పింఛను 38 వేలు. ఇంటి ఖర్చు 22 వేలు. తగ్గే 14 వేలను ప్రతినెలా బ్యాంకులో ఉన్న భర్త తాలూకు డబ్బులోంచి తీస్తున్నారు. ఇప్పటికి అది 1,54,000 అయింది. కొడుకు చూసి, "తిరుమల అన్నప్రసాదం ట్రస్టుకు నాన్న పేరిట ఏటా కొంత కట్టేద్దాం, నువ్వు ఈ పని ఆపు" అంటున్నాడు. అత్తగారు, "మాసికాలు పెట్టాము, సంవత్సరీకమూ అయింది. ఇక తద్దినం చాలు. నా బిడ్డ పేరు ఆసుపత్రి గోడల పక్కన చెత్తలో పడి ఉండటం నేను చూడలేను" అంటున్నారు. కూతురు ఏమీ అనదు. ఒక రాత్రి మాత్రం, మిగిలి వచ్చిన పొట్లం విప్పుకుంటూ, "అమ్మా, మనింట్లో సంగటి చేసి ఎన్నాళ్లయిందో తెలుసా?" అని అడిగింది.

గత నెలలో ఒక సంఘటన జరిగింది. నడివయసు మనిషి ఒకాయన పొట్లం విప్పి, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, మళ్లీ కట్టి ఈమె చేతికే ఇచ్చేశాడు. "పులుపమ్మా. ఆమెకి ఇది పెట్టకూడదన్నారు. గంజి ఉంటే బాగుండేది" అన్నాడు. ఇంటికి వచ్చి రాత్రంతా ఏడ్చానని, మావారినే తోసేసినట్టు అనిపించిందని రాశారు.

భర్త గురించి రాసినది ఎనిమిదో పేజీలో ఉంది. రాత్రి డ్యూటీ దిగి వస్తూ ఆయన స్టేషను బయట దిక్కుతోచక నిలబడ్డ యాత్రికులు కనిపిస్తే, వారిని ఎదురుగా ఉన్న విష్ణునివాసానికో, బస్టాండు దగ్గరి శ్రీనివాసానికో స్వయంగా నడిపించి, గది దొరకకపోతే సామాన్లు ఎక్కడ పెట్టుకోవాలో, కొండకు మొదటి బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పి ఇంటికి వచ్చేవారట. ఆయన పోయాక చొక్కా జేబులో ఒక చిన్న నోటుపుస్తకం దొరికింది. తమిళం, కన్నడం, హిందీ మాటలు తెలుగు అక్షరాల్లో రాసి ఉన్నాయి: బయపడాదీంగ, హెదరబేడి, ఘబరాయియే మత్. చివరి పేజీలో "ఒడియా" అని రాసి కింద గీత గీసి ఉంది. ఆ పేజీలో మరేమీ లేదు. "అన్నం చల్లారిపోతోంది, ఊళ్లోకి వచ్చినవాళ్లందరికీ మీరే దిక్కా అని నేను ఏళ్ల తరబడి సణిగాను. పోవడానికి వారం ముందు కూడా అన్నాను" అని రెండు వాక్యాలు రాసి, ఆమె మళ్లీ ఖర్చుల లెక్కలోకి వెళ్లిపోయారు.

చివరికి అడిగిన ప్రశ్న ఇది: "ఆపితే ఆయన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టు ఉంటుంది. ఆపకపోతే ఇల్లు నిలిచేటట్టు లేదు. నేను చేస్తున్నది ఆయన కోసమేనా? ఏం చెయ్యమంటారు?"

అమ్మా,

ముందు ఆ తిరిగొచ్చిన పొట్లం గురించి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో ఆ మనిషిని "విశ్వాసం లేనివాడు" అని రాసి, మళ్లీ కొట్టేశారు. కొట్టేయడమే సరైనది. లోపల మంచం మీద ఉన్న మనిషికి ఏది పడుతుందో ఏది పడదో, ఆ ఒక్క ఆలోచనతో రాత్రీ పగలూ తిరుగుతున్నవాడు ఆయన. అలాంటివాడికి మర్యాద కోసం తీసుకుని, తరువాత గోడ పక్కన పడేయడం చాలా తేలిక. ఆయన ఆ పని చేయకుండా, పొట్లం మరొకరికి పనికొస్తుందని తిరిగి కట్టి ఇచ్చాడు; తనకు కావలసింది ఏమిటో కూడా చెప్పాడు. పదకొండు నెలల్లో మీకు అక్కడ ఆ మాట చెప్పిన మొదటి మనిషి బహుశా ఆయనే.

తద్దినం పెట్టే ఇళ్లలో ఒక ఘట్టం మీరు చూసే ఉంటారు. భోక్తల భోజనం ముగిసేవేళ కర్త చేతులు జోడించి, తృప్తి కలిగిందా అని అడుగుతాడు. కలిగింది అని వారు నోరారా అనాలి. మంత్రాలు లేకుండా చేసుకునే ఇళ్లలో కూడా, సరిపోయిందా, ఇంకేమైనా కావాలా అని అడగకుండా ఎవరినీ విస్తరి ముందు నుంచి లేవనివ్వరు. పోయినవారి పేరిట పెట్టే అన్నంలో తినేవారి మాటకు మన పెద్దలు అంత చోటు ఇచ్చారు. మీరు రోజుకు నలభై మందికి పెట్టారు కానీ, ఆటో ఆగి ఉండటం వల్లనో, మాట్లాడితే ఏడుపు వస్తుందన్న భయం వల్లనో, ఎవరినీ ఆ మాట అడగలేదని మీ ఉత్తరమే చెబుతోంది. అందుకే ఒక్కడు అడగకుండానే జవాబు చెప్పేసరికి అంత దెబ్బ తగిలింది.

పొట్లం మీద అంటించే కాగితం కూడా ఈ బాధలో భాగమే అనిపిస్తోంది. మావారి పేరు నాలుగు నోళ్లలో పడాలని అంటించాను అన్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు, గుళ్లలో బండల మీద, ఫ్యాన్ల రెక్కల మీద జనం పేర్లు రాయించుకోవడం మనం చూస్తున్నదే. అయితే ఆ కాగితం వల్ల రెండు జరుగుతున్నాయి. తినేవాడి ఆకలి మీద మీ దుఃఖం బరువు కూడా పడుతోంది. వాడు ఆ అన్నం వదిలేస్తే మీ భర్తనే వదిలేసినట్టు మీకు అనిపిస్తోంది. అన్నం తిన్నాక కాగితం ఎక్కడ పడుతుందో మీ అత్తగారు చెప్పనే చెప్పారు. ఆమె మాటను చాదస్తమని పక్కన పెట్టకండి. మీకు ఆయన భర్త, ఆమెకు కొడుకు. కొడుకు పేరున్న కాగితం చెత్తలో ఉందని ఎనభై ఏళ్ల తల్లికి తెలియడం చిన్న విషయం కాదు.

మేము చిన్నప్పుడు చిత్తూరులో ఉన్న వీధి చివర ఎండాకాలం వస్తే ఒక చలివేంద్రం వెలిసేది. తాటాకు పందిరి, ఇసుకలో కుదురుగా నిలబెట్టిన మూడు కుండలు, వాటికి చుట్టిన తడిగుడ్డలు. ఒక పెద్దామె పొడుగు కాడ గరిటెతో దోసిట్లోకి నీళ్లు వంచేది. ఆమె మాట్లాడే మాట ఒక్కటే: "చాలా?" చాలు అనేదాకా పోస్తూనే ఉండేది. అక్కడ బోర్డేమీ ఉండేది కాదు. కాన్పులో పోయిన కూతురి కోసం ఆమె అది పెడుతోందని ఆమె పోయాక గాని నాకు తెలియలేదు. ఎక్కడెక్కడి నుంచో సంతకు వచ్చిన రైతులు తాగి వెళ్లారు. వారెవరికీ ఆ కూతురి పేరు తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. తిథి లేకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు ఆ మాటకు అర్థం చెబుతారు. తద్దినానికి తిథి ఉంది. ఆ రోజు పేరు, గోత్రం చెప్పి ఆయన్ని తలచుకోండి. దారిన పోయేవారికి పెట్టేటప్పుడు ఆ పేరు మీ మనసులో ఉంటే సరిపోతుంది.

ఇక ఎనిమిదో పేజీలోని ఆ రెండు వాక్యాలు. పదకొండు పేజీల ఉత్తరంలో మీరు అతి తక్కువగా రాసినది అదే, నన్ను ఎక్కువసేపు ఆపినదీ అదే. మీ భర్త ఎవరికీ నలభై పొట్లాలు కట్టలేదు. ఆయన చేసిన సాయానికి ఖర్చు దాదాపు లేదు. ఆయన ఇచ్చినది తన అరగంట, తన నడక, తెలియని ఊళ్లో భయపడుతున్నవాడికి వాడి భాషలో ఒక మాట. మీరు చేస్తున్నది ఆయన చేసిన దానికి కొనసాగింపు అయి ఉంటే, ఇంతలా అలసిపోయేవారు కాదేమో. నలభై పొట్లాల వెనక ఆయన మంచితనంతో పాటు, మీరు సణిగిన మాటల బాకీ కూడా ఉందని నాకు అనిపిస్తోంది. అందుకే ఒక్కరోజు కూడా మానలేకపోతున్నారు. బాకీ అనుకున్నది ఎంత కట్టినా తీరదు కదా.

నా ఊహ తప్పయితే క్షమించండి. తప్పు కాకపోతే ఈ ఒక్క సంగతి ఆలోచించండి. రాత్రి పదింటికి అన్నం చల్లారిపోతోందని కోప్పడిన మనిషి, ఆ అన్నం వండి, మూత పెట్టి, తినకుండా ఎదురుచూసిన మనిషి కూడా. దారి తెలియని వారికి దారి చూపించడానికి ఆయనకు తీరిక ఎక్కడి నుంచి వచ్చింది? ఇంట్లో ముసలి తల్లినీ ఇద్దరు పిల్లలనూ కనిపెట్టుకుని మీరు ఉండబట్టే వచ్చింది. ఆ సంగతి ఆయనకు తెలియదని ఎందుకు అనుకుంటున్నారు? మీరు సణుగుతున్నా ఆయన మానలేదు, ఆయన మానకపోయినా మీరు ఎదురుచూడటం మానలేదు. ఇది మన ఇళ్లలో చాలా మంది దాంపత్యం. దీనికి ప్రాయశ్చిత్తం అక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి, కాస్త కటువుగా అయినా. ఆయన పాత పింఛను పద్ధతిలో ఉన్న ఉద్యోగి అయితే, సర్వీసులో ఉండగా పోయినందువల్ల మీకు మరణం నాటి నుంచి పదేళ్ల పాటు చివరి మూలవేతనంలో 50 శాతం లెక్కన పింఛను వస్తుంది. ఆ తరువాత అది 30 శాతానికి తగ్గుతుంది. అంటే మీకు అరవై నిండే వేళకు, ఇవాళ్టి లెక్కలో 38 వేలు 23 వేల దగ్గరకు వస్తాయి. ఇంటి ఖర్చు ఇవాళే 22 వేలు. రెండోది, పింఛను మీదే. అది ఆయన ఆస్తి కిందకు రాదు. బ్యాంకులో ఉన్న డబ్బు అలా కాదు. వీలునామా లేకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యతో పాటు కొడుకు, కూతురు, తల్లి కూడా సమాన వారసులు. నామినీగా మీ పేరు ఉన్నంత మాత్రాన సాధారణంగా అంతా మీ సొంతమైపోదు. కాబట్టి పింఛనులో మిగిలే 16 వేలలోంచి మీరు ఎంత పెట్టినా అది మీ దానం, అడిగేవారు లేరు. ఆ 1,54,000 మాత్రం నలుగురిది. మీ అబ్బాయి కోపంలో పిసినారితనం కంటే ఈ భయమే ఎక్కువ ఉండవచ్చు. చెల్లెలి పెళ్లి సంగతి అతను ఎత్తకపోయినా అతని మనసులో ఉండకపోదు.

మీరు తీసుకోగల దారులు నాకు కనిపించినవి చెబుతాను.

ఇప్పటిలాగే ప్రతిరోజూ కొనసాగించవచ్చు. అలా అయితే ఖర్చులో సగమైనా మరొకరు పంచుకోవాలి, వంటలో ఒక చేయి సాయం ఉండాలి. సాయానికి మనిషిని పెడితే ఖర్చు ఇంకా పెరుగుతుంది; ఇరుగుపొరుగును కలుపుకుంటే పని తేలికవుతుంది గాని, వంటలోనూ వేళలోనూ వారి మాట వినవలసి వస్తుంది. ఏ దారి అయినా ఆరోగ్యం విషయంలో జాగ్రత్త తప్పదు. ఉడికిన అన్నంలో వేడికి చావని సూక్ష్మజీవుల బీజాలు ఉంటాయి. గోరువెచ్చని అన్నం గంటల తరబడి మూసి ఉంటే అవి పెరిగి, వాంతులు పట్టించే విషాన్ని పుట్టిస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. పులిహోరను చింతపండు కొంత కాపాడుతుంది, దూర ప్రయాణాలకు మన పెద్దలు అదే కట్టుకున్నది అందుకే. నాలుగున్నరకు కలిపి కట్టిన పెరుగన్నాన్ని తిరుపతి ఎండల్లో ఏడున్నరకు పంచడం నాకు భయంగా ఉంది. వంట ఆలస్యంగా మొదలుపెట్టండి, పెరుగు బయలుదేరే ముందు కలపండి. లాభం లేకుండా పంచినా క్రమం తప్పకుండా పంచే ఆహారం 2006 నాటి ఆహార భద్రత చట్టం పరిధిలోకి వస్తుంది. చిన్న స్థాయి నమోదు చేయించుకుంటే మంచిది. రోగులకు మాత్రం మీ అంతట మీరు ఏదీ పెట్టకండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఉప్పు కొలిచి పెడతారు. ప్రేమతో పెట్టిన పులిహోరే వారికి చెడు చేయవచ్చు. ఆ మనిషి చెప్పింది ఇదే కదా.

వారానికి ఒకరోజుకు తగ్గించవచ్చు. నెలకు నాలుగైదు వేలు అవుతుంది, పింఛనులో ఇముడుతుంది, మీ నడుము కూడా నిలుస్తుంది. ఆ ఒక్కరోజూ ఎక్కువసేపు ఉండవచ్చు, కూర్చోవచ్చు, ఏం కావాలో అడగవచ్చు. నలభై పొట్లాల బదులు ఇరవై, వాటితో పాటు ఒక పెద్ద ఫ్లాస్కులో వేడినీళ్లు, ఒక గిన్నెలో రాగి జావ, నర్సు సరేనంటే గంజి. మిగతా ఆరు రోజులు అక్కడివాళ్లు ఏం తింటారు అని మీ మనసు అడుగుతుంది. అడగనివ్వండి. మీరు వెళ్లకముందు కూడా వారు ఏదో విధంగా గడిపారు. మీ ఒక్కరి మీదే వారి ప్రాణాలు లేవు.

మీ అబ్బాయి చెప్పిన దారిని చులకనగా చూడకండి. తిరుమలలో నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న రోజుకు రెండు వేల మందితో మొదలై ఈనాటికి ఎంతకు పెరిగిందో తిరుపతిలో ఉంటున్న మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎందరో తమ వారి పేరిట ఇచ్చిన చిన్న చిన్న మొత్తాలు కలిసి అక్కడ అన్నమవుతున్నాయి. ఏటా ఆయన తిథికి అందరూ కలిసి కొంత కడితే అత్తగారికీ తృప్తి. ఆదాయపు పన్నులో పాత పద్ధతి ఎంచుకున్నవారికి ఇలాంటి విరాళాలకు మినహాయింపు కూడా ఉంటుంది. నగదుగా రెండు వేలకు మించి ఇస్తే మాత్రం అది వర్తించదు. ఈ దారిలో ఉన్న లోటు ఒక్కటే, తినేవారి ముఖం మీకు కనపడదు. మీకు ఆ ముఖాలు కావాలి. కాబట్టి ఇది ఒక్కటే అయితే మీకు సరిపోదు, దేనికైనా తోడుగా అయితే బాగుంటుంది. అబ్బాయి తనదిగా ఏదైనా చేయాలనుకుంటే, బెంగళూరులోనే మూడు నెలలకోసారి రక్తం ఇవ్వమనండి. తండ్రి వర్ధంతికి ఒక్కరోజు శిబిరం పెట్టడం కంటే అది మేలు. దానం చేసిన రక్తం ఆరు వారాలకు మించి నిల్వ ఉండదు, అవసరం మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. ఎవరికి ఎక్కిందో అతనికి తెలియదు, ఇచ్చింది ఎవరో వారికి తెలియదు.

ఇంకొక దారి మీవారిదే. నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించినది ఇదేనని దాచకుండా చెబుతున్నాను. తిరుపతి పెద్దాసుపత్రులకు రాయలసీమ నలుమూలల నుంచీ, అటు తమిళనాడు సరిహద్దు పల్లెల నుంచీ జనం వస్తారు. బోర్డు చదవలేనివారు, చీటీ ఏ కిటికీ దగ్గర రాయించాలో తెలియక రెండు వరుసల్లో నిలబడి మూడో వరుసకు పంపబడేవారు, స్కానింగు గది ఎటో అడగడానికి భయపడేవారు ఎందరో. అధికారుల అనుమతి తీసుకుని, వారానికి రెండు ఉదయాలు వారి పక్కన నడవగలిగితే, మీవారు స్టేషను బయట చేసిన పని మీరు ఇక్కడ చేసినట్టు. డబ్బు ఖర్చు కాదు. కానీ ఇది అన్నం పంచడం కంటే కష్టం, ఎందుకంటే పొట్లం ఇచ్చి వచ్చేసినట్టు ఇక్కడ వచ్చేయలేరు. చావులు చూడవలసి వస్తుంది, గుండెపోటుతో వచ్చినవారి భార్యల పక్కన కూర్చోవలసి వస్తుంది. పద్నాలుగు నెలలకే అది మీకు ఓర్చుకోదగినదో కాదో మీకే తెలియాలి. ఇప్పుడు వద్దనిపిస్తే, కొండమీద శ్రీవారి సేవ ఉంది. ఏడు రోజులు నలుగురితో కలిసి ఉండి, వడ్డనో వరుసల దగ్గర సాయమో చేసి రావచ్చు. ఆసుపత్రి ఒక ఏడాది తరువాత కూడా అక్కడే ఉంటుంది.

అన్నంతోనే ఆయన్ని తలచుకోవాలని మీకు గట్టిగా ఉంటే, మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని తరిగొండలో పుట్టిన వెంగమాంబను గుర్తు చేసుకోండి. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, బొట్టు తీయమన్న లోకానికి తలవంచక, తిరుమల చేరిన ఆమె నృసింహ జయంతి వేళ యాత్రికులకు అన్నం పెట్టారని, ఎండల్లో చలివేంద్రాలు నడిపారని, దాతలు ఆమెకు చేయూతనిచ్చారని చెబుతారు. 2011లో ప్రారంభమైన తిరుమల అన్నప్రసాద భవనానికి పెట్టినది ఆమె పేరే. అంతటి ఆమె కూడా పదిమంది చేతులు కలుపుకునే చేశారన్నది మీరు గమనించాలి. మీ చుట్టూ ఉన్నవారికి మీరు ఇంతవరకు ఒక్క కూరగాయ కూడా తరగనివ్వలేదు. పక్కింటావిడ అడిగితే వద్దన్నానని మీరే రాశారు. ఈసారి వద్దనకండి.

కూతురి మాటను చివరికి ఉంచాను, కానీ మీరు ముందు చేయవలసింది దాని గురించే. ఆ పిల్ల మిమ్మల్ని తప్పుపట్టలేదు. తండ్రి పోయిన ఇంట్లో పదకొండు నెలలుగా రాత్రి భోజనం మిగిలిన పొట్లమే అయింది, అంతే చెప్పింది. ఊరివారికి వేడిగా, ఇంటి పిల్లకు చల్లారినది. అన్నం చల్లారిపోతోందని మీరు ఒకప్పుడు ఎవరితో ఏమన్నారో, ఇప్పుడు ఆ పిల్ల మీతో అదే అంటోంది. ఈ ఆదివారం పొట్లాలు కట్టకండి. సంగటి కెలికి, చెనక్కాయల ఊరుబిండి నూరి, ముగ్గురూ ఒక దగ్గర కూర్చుని తినండి. ఆ పూటే, తినడం అయ్యాక, పింఛను లెక్క వారి ముందు పెట్టి, అబ్బాయిని ఫోనులోకి తీసుకుని, నెలకు ఎంత, వారానికి ఎన్ని రోజులు అన్నది నలుగురూ కలిసి తేల్చుకోండి. అత్తగారిని అడగండి, మీవారు చిన్నప్పుడు ఎవరికేం చేసేవారో. మీకు తెలియనివి ఆమె దగ్గర ఉంటాయి.

ఏది నిర్ణయించుకున్నా ఉన్నట్టుండి మానేయకండి. నెలల తరబడి అక్కడే ఉంటున్నవారు కొందరు ఏడున్నరకు గేటు వైపు చూస్తారని మీరే రాశారు. ఒక వారం ముందే వెళ్లి, ఇకమీద ఫలానా రోజు వస్తాను, మిగతా రోజుల్లో రాలేను అని వారికి ఎదురుగా చెప్పండి. గంజి అడిగిన ఆయన ఇంకా అక్కడ ఉంటే, ఆమెకు ఎలా ఉందో కనుక్కోండి. వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం సంచిలో వేసుకోండి. తమిళం మాటలు అక్కడ అవసరమవుతాయి. ఒడియా తెలిసిన యాత్రికులు ఎప్పుడైనా తారసపడితే, భయపడకండి అనడానికి వారి భాషలో ఏమంటారో అడిగి, ఆ ఖాళీ పేజీలో మీ అమ్మాయి చేత రాయించండి.